నడక సరే, ఒంట్లో నిల్వల మాటేమిటి?

1984 ఆగస్టు 8. లాస్‌ఏంజిలిస్‌ ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌ ఫైనల్‌. పి.టి.ఉష 55.42 సెకన్లలో గీత దాటారు. రుమేనియా క్రీడాకారిణి 55.41. సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం చేజారిన ఆ పరుగు సంగతి మన దేశంలో తెలియనివారు తక్కువ. 2018లో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో ఉష చెప్పిన మాట మాత్రం చాలామందికి కొత్త. ఒలింపిక్‌ గ్రామంలో పెట్టిన తిండి ఆమెకు పడలేదు. ఊరగాయ నంజుకుని గంజన్నంతో కాలం వెళ్లబుచ్చారు. ఆఖరి 35 మీటర్లలో సత్తువ నిలవకపోవడానికి అదే కారణమని ఆమె అభిప్రాయం.

గంజికీ ఆ నూరో వంతుకీ ఉన్న సంబంధాన్ని ఇప్పుడెవరూ తేల్చలేరు. కానీ ఆవిడ లేవనెత్తిన ప్రశ్న ఒలింపిక్స్‌కు వెళ్లేవారికి మాత్రమే సంబంధించింది కాదు. డాక్టరు చెప్పాడని పొద్దున్నే బూట్లు తొడుక్కుని నడకకు బయల్దేరే గృహిణికీ, సాయంత్రం జుంబా క్లాసుకు పరుగెత్తే సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగినికీ, పోలీసు సెలక్షన్ల కోసం మైదానం చుట్టూ తిరిగే డిగ్రీ అమ్మాయికీ అది వర్తిస్తుంది. ఒంటికి రోజూ పని చెబితే లోపలున్న విటమిన్లు, ఖనిజాలు ఏమవుతాయి? పెరుగుతాయా, తరుగుతాయా?

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎముకలోని కాల్షియానిది ఒక దారి, నెత్తుటిలోని ఇనుముది మరో దారి. ఆడవాళ్ల విషయంలో ముందుగా చెప్పుకోవలసింది ఇనుము గురించే.

నెలసరిలో సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము చొప్పున లెక్కేస్తే నెలకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఇనుము ఆ దారినే వెళ్లిపోతుంది. ఈ ఖర్చు మగవాళ్లకు లేదు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఖరారు చేసిన లెక్క ప్రకారం మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు, ఆడమనిషికి 29 కావాలి. తిన్నదంతా ఒంటబట్టదు కూడా. మన పప్పూ అన్నం భోజనంలోని ఇనుములో లోపలికి చేరేది పన్నెండో వంతు మాత్రమేనని ఆ లెక్క వేసినవారి అంచనా.

వ్యాయామం ఈ ఖర్చుకు మరికొన్ని పద్దులు చేరుస్తుంది. చెమటలో కాస్త పోతుంది. చాలాసేపు పరుగెత్తేవారికి పేగుల్లోంచి కంటికి కనబడనంత రక్తం కారుతుంది. మరో దారి ఉందని తెలిసింది సైన్యం పుణ్యమా అని. 1881లో ఫ్లైషర్‌ అనే జర్మన్‌ వైద్యుడి దగ్గరికి ఒక సైనికుడు వచ్చాడు. కవాతు చేసి వస్తే చాలు, అతనికి మూత్రం నల్లగా పోతోంది. గట్టి నేల మీద పాదం పదేపదే బాదుకోవడం వల్ల అరికాలి రక్తనాళాల్లో ఎర్రకణాలు చితికిపోతాయని తర్వాత తేలింది. మామూలు నడకలో ఇది లెక్కలోకి రాదు. రోజూ మైళ్ల కొద్దీ పరుగు తీసేవారిలో మాత్రం ఉంటుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఈ శతాబ్దపు మొదట్లో గానీ బయటపడలేదు. కాలేయం తయారుచేసే హెప్సిడిన్‌ అనే హార్మోను పేగుల్లోంచి ఇనుము రక్తంలోకి వెళ్లే తలుపును మూసేస్తుంది. ఒంట్లో ఇనుము ఎక్కువైనా, ఎక్కడైనా వాపు వచ్చినా హెప్సిడిన్‌ పెరుగుతుంది. గట్టి వ్యాయామాన్ని కూడా శరీరం చిన్నపాటి వాపుగానే లెక్కేస్తుంది. పనిచేసే కండరాలు వదిలే ఒక రసాయనం కాలేయాన్ని తట్టిలేపుతుంది. వ్యాయామం ముగిసిన మూడు నుంచి ఆరు గంటల మధ్య హెప్సిడిన్‌ పైకి లేచి, ఆ సమయంలో తిన్న ఇనుము సరిగా ఒంటబట్టదు. అయితే శరీరం మరీ తెలివితక్కువది కాదు. నిల్వలు బాగా తగ్గినవారిలో ఈ పెరుగుదల తక్కువగానే ఉంటుంది. ఇంట్లో లేనప్పుడు తలుపు పూర్తిగా మూయదన్నమాట.

ఇక్కడ ఒక భయం తీర్చాలి. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారు రెండు మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్‌ అంతకుముందుకన్నా తగ్గినట్టు కనబడవచ్చు. ‘నడక మొదలెట్టాక రక్తం తగ్గిపోయింది’ అని మానేసినవాళ్లూ ఉన్నారు. నిజానికి అక్కడ తగ్గింది రక్తం కాదు. క్రమం తప్పని వ్యాయామంతో రక్తంలోని నీటిభాగం పెరుగుతుంది. ఎర్రకణాలు అన్నే ఉన్నా అవి పలచబడినట్టు లెక్క చూపిస్తుంది. గుండెకు ఇది మేలే.

మరి అసలు లోటును, ఈ పలచనను వేరు చేయడం ఎలా? ఫెర్రిటిన్‌ పరీక్షతో. హిమోగ్లోబిన్‌ వంటింట్లోని బియ్యం డబ్బా అయితే ఫెర్రిటిన్‌ గాదెలో ఉన్న ధాన్యం. డబ్బా నిండుగా కనబడుతూనే గాదె అడుగంటిపోయి ఉండవచ్చు. ఒక ముప్ఫై ఏళ్లావిడ రిపోర్టులో హిమోగ్లోబిన్‌ 12.3, ఫెర్రిటిన్‌ 9 ఉన్నాయనుకుందాం. మొదటి అంకె 12 దాటింది కాబట్టి రక్తహీనత లేదంటారు. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన 15 గీతకన్నా దిగువన ఉంది. అంటే నిల్వ లేదు. ఆవిడకు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి నీరసం. ఇంట్లోవాళ్లు ‘నీకేం రోగం, రిపోర్టు బాగానే ఉందిగా’ అంటారు.

ఈ దశ సంగతి అమెరికాలోని కార్నెల్‌ విశ్వవిద్యాలయం వారు 2000లో తేల్చారు. రక్తహీనత లేదు గానీ ఇనుము నిల్వలు తగ్గిన 42 మంది యువతులను తీసుకుని, సగం మందికి ఆరు వారాలు ఇనుము బిళ్లలు, మిగతావారికి ఉత్తుత్తి బిళ్లలు ఇచ్చారు. మూడో వారం నుంచి అందరిచేతా ఒకే రకంగా సైకిల్‌ తొక్కించారు. ఆఖర్న 15 కిలోమీటర్ల పరీక్ష పెడితే, రెండు జట్లూ మెరుగుపడ్డాయి గానీ ఇనుము పుచ్చుకున్నవారు బాగా ముందున్నారు. పడిన కష్టం ఒకటే, దక్కిన ఫలితంలో తేడా.

మన సంగతికొస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వేలికొసన గుచ్చి తీసిన చుక్కతో వేసిన లెక్క కాబట్టి అంకె కాస్త ఎక్కువ చూపుతోందని నిపుణుల్లో వాదన ఉంది. కొంత కోసేసినా మిగిలేది తక్కువేమీ కాదు. అంటే మన ఊళ్లలో వ్యాయామం మొదలుపెట్టే ఆడవాళ్లలో చాలామంది గాదె ఖాళీగా ఉన్నప్పుడే మొదలుపెడుతున్నారు. లోటుకు కారణం వ్యాయామం కాదు. అంతకుముందే ఉన్న లోటును అది బయటపెడుతుంది, ఒక్కోసారి కాస్త పెంచుతుంది.

వ్యాయామం అనగానే ట్రాక్‌ ప్యాంటు గుర్తుకొస్తుంది గానీ, నాట్లు వేసే కూలి మనిషి, ఉపాధి హామీ పనిలో తట్ట మోసే తల్లి రోజూ చేసేదేమిటి? ఆ శ్రమ కండరానికి జిమ్ములో బరువుకన్నా తక్కువది కాదు. పరిశోధకులు వారినీ వదల్లేదు. శ్రీలంక తేయాకు తోటల్లో ఆకు కోసే ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 1979లో వెలువడింది. ఇనుము బిళ్లలు అందుకున్నవారు మిగతావారికన్నా ఎక్కువ ఆకు కోశారు. రక్తం మరీ తక్కువగా ఉన్నవారిలో తేడా స్పష్టంగా కనబడింది. 1994లో బీజింగ్‌ నూలుమిల్లు కార్మికుల మీద చేసిన మరో అధ్యయనంలో, పన్నెండు వారాలు ఇనుము ఇచ్చాక పనిచేసేటప్పుడు వారి గుండె కొట్టుకునే వేగం తగ్గింది. అదే పని, తక్కువ ఆయాసంతో.

ఇనుము ఒంటబట్టాలంటే ఏం తినాలన్నదానితో పాటు ఎప్పుడు, దేనితో తినాలన్నదీ చూసుకోవాలి. హైదరాబాద్‌ కేబీఆర్‌ పార్కు దగ్గరో, విశాఖ బీచ్‌ రోడ్డులోనో పొద్దున్నే నడిచినవారు తర్వాత చేసే పని గమనించండి. కొందరు రాగిజావ బండి దగ్గర ఆగుతారు, చాలామంది టీ బండి దగ్గర. ఇంటికెళ్లి టిఫిన్‌ తింటూ మరో కప్పు. టీలో, కాఫీలో ఉండే పదార్థాలు పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును పట్టుకుని వదలవు. టీ మానక్కర్లేదు. టిఫిన్‌కూ దానికీ మధ్య గంటైనా ఎడం ఉంటే చాలు. అదే టిఫిన్‌తో ఒక జామకాయ, కాస్త ఉసిరి పచ్చడి, కనీసం పులిహోర మీద పిండిన నిమ్మరసం ఉన్నా విటమిన్‌-సి పనిచేసి ఇనుము ఎక్కువగా లోపలికి వెళుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం కూడా గింజల్లో ఇనుముకు అడ్డుపడే ఫైటేట్లను తగ్గిస్తాయి. మాంసం, చేపలు తినేవారికి ఈ తిప్పలు తక్కువ. అందులోని ఇనుము తేలిగ్గా ఒంటబడుతుంది.

రాగిజావ గురించి ఒక మాట. దానికి ఇనుములో గొప్ప పేరుంది. నిజానికి రాగుల గొప్పతనం కాల్షియంలో. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములుంటే, ఇనుము 5 మిల్లీగ్రాములకన్నా తక్కువ.

బిళ్లలు వేసుకునేవారికి ఉపయోగపడే ఒక సంగతి 2017లో స్విట్జర్లాండ్‌ శాస్త్రవేత్తలు చెప్పారు. నిల్వలు తగ్గిన యువతులకు ఇనుము బిళ్ల రోజూ ఇచ్చినప్పటికన్నా రోజు విడిచి రోజు ఇచ్చినప్పుడు ఎక్కువ ఒంటబట్టింది. మళ్లీ హెప్సిడినే కారణం. ఇవాళ బిళ్ల వేస్తే రేపటికి తలుపు సగం మూసి ఉంటుంది. మలబద్ధకం, కడుపులో వికారం అని బిళ్లలు పక్కన పడేసేవారు ఈ పద్ధతి గురించి తమ డాక్టరును అడగవచ్చు.

ఇనుము తర్వాత వ్యాయామంతో నేరుగా ముడిపడిన పోషకం పెద్దగా ఎవరూ పట్టించుకోనిది, రైబోఫ్లావిన్‌. బి-కాంప్లెక్స్‌ బిళ్ల వేసుకుంటే మూత్రం పచ్చగా పోవడానికి కారణం ఇదే. తిండిని శక్తిగా మార్చే పనిలో దీని పాత్ర పెద్దది. కార్నెల్‌లోనే డాఫ్నీ రో బృందం 1983లో యువతులచేత వారాల తరబడి జాగింగ్‌ చేయించి, వారి తిండిలో రైబోఫ్లావిన్‌ను కొలిచి పెట్టి చూసింది. పరుగు మొదలయ్యాక అదే నిల్వను కాపాడుకోవడానికి అంతకుముందుకన్నా ఎక్కువ రైబోఫ్లావిన్‌ కావలసి వచ్చింది. యాభై దాటిన ఆడవాళ్లతో 1992లో చేసిన అధ్యయనమూ అదే చెప్పింది. పాలు, గుడ్లు అలవాటున్న దేశంలో ఇది చిన్న విషయం. అన్నమే ప్రధానమైన మన ఇళ్లలో కాదు. హైదరాబాద్‌ జాతీయ పోషకాహార సంస్థలో మహతాబ్‌ బమ్జీ వంటి శాస్త్రవేత్తలు ఈ లోపం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పెదవుల మూలలు పగలడం, నాలుక పూయడం మన పల్లెల్లో ఎంత మామూలో ఎవరికైనా తెలుసు. ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకుంటాం. రోజుకో గ్లాసు పాలు లేదా పెరుగు, ఒక గుడ్డు ఉంటే వ్యాయామం అడిగే అదనం చాలావరకు తీరిపోతుంది.

బయట తిరిగితే విటమిన్‌-డి వస్తుందన్న మాట అందరూ వినేదే. సగం నిజం. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్‌ సి.వి.హరినారాయణ బృందం ఆ ప్రాంతపు ప్రజల మీద వరుసగా పరిశోధనలు చేసింది. ఎండలు మండే రాయలసీమలో, ఆరోగ్యంగా ఉన్నారనుకున్నవారిలోనే విటమిన్‌-డి లోపం విస్తారంగా కనబడింది. పల్లెలవారు పట్నంవారికన్నా కాస్త నయం. తిరుపతి ఎండలో ఏ వేళ చర్మంలో విటమిన్‌-డి బాగా తయారవుతుందో కూడా వారు కొలిచారు. పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య. మన నడకలన్నీ అయిదున్నరకు మొదలై ఏడుకల్లా ముగుస్తాయి. పైగా చున్నీ, ఫుల్‌ స్లీవ్స్‌, కొందరికి మాస్కు. ఆ నడక గుండెకు, చక్కెరకు మంచిది, విటమిన్‌-డి ఖాతాలో మాత్రం దాదాపు ఏమీ పడదు. వేసవి మిట్టమధ్యాహ్నం నడవమని ఎవరూ చెప్పరు గానీ, చలికాలంలో పదకొండు తర్వాత బట్టలు ఆరేస్తూ, డాబా మీద చేతులకు, ముఖానికి కాసేపు ఎండ తగలనివ్వడం పొద్దుటి గంట నడక చేయలేని పని చేస్తుంది.

ఎముక దగ్గరికి వచ్చేసరికి వ్యాయామం పూర్తిగా ఆడవాళ్ల పక్షం. బరువు పడినచోట ఎముక కాల్షియాన్ని పట్టి ఉంచుకుంటుంది. ఫిన్లండ్‌లో టెన్నిస్‌, స్క్వాష్‌ ఆడే మహిళల చేతులను 1995లో పోల్చి చూశారు. రాకెట్‌ పట్టే చేతి ఎముకలో ఖనిజం రెండో చేతికన్నా ఎక్కువ. రజస్వల కాకముందే ఆట మొదలుపెట్టినవారిలో ఆ లాభం, తర్వాత మొదలుపెట్టినవారికన్నా రెట్టింపు. ‘పెద్దదవుతోంది, ఇంక ఆటలు చాలు’ అని ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టే వయసు సరిగ్గా అదే కావడం మన దురదృష్టం.

పెద్దవయసులో ఆలస్యమైపోయిందనుకోనక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్‌ విశ్వవిద్యాలయం వారు ఎముకలు బలహీనపడిన, 58 దాటిన 101 మంది మహిళలతో చేసిన ప్రయోగం 2018లో వెలువడింది. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల కళ్లెదుట నిజంగా బరువులే ఎత్తించారు. ఎనిమిది నెలల్లో నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామాలు చేసినవారిలో 1.2 శాతం తగ్గింది. సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిని చూసి గర్వపడ్డాం సరే, మన అమ్మమ్మలు అయిదు కిలోల డంబెల్‌ పట్టుకుంటే నవ్వడం ఎప్పుడు మానతామో. ఇది శిక్షకులు లేకుండా సొంతంగా చేయదగిన పని మాత్రం కాదు. ఎముకలోకి చేరడానికి కాల్షియం కూడా ఉండాలి. రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు, నెలసరి ఆగాక ఇంకాస్త ఎక్కువ. గ్లాసు పాలు దాదాపు పావువంతు ఇస్తాయి. మిగతాది పెరుగు, రాగులు, నువ్వులు, తోటకూర, మునగాకు కలిసి పూరించాలి.

ఇంత మేలు చేసే వ్యాయామమే తిరగబడే సందర్భం ఒకటుంది. సన్నబడాలని తిండి సగానికి తగ్గించి, వ్యాయామం రెట్టింపు చేసినప్పుడు. శరీరం ముందుగా ఆపేసే ఖర్చు నెలసరి. ఈస్ట్రోజన్‌ పడిపోతుంది, దాంతో ఎముక కరుగుతుంది. 1984లో బార్బరా డ్రింక్‌వాటర్‌ బృందం నెలసరి ఆగిపోయిన క్రీడాకారిణుల వెన్నెముకలు కొలిచి నివ్వెరపోయింది. వారి సగటు వయసు 25, ఎముకల సాంద్రత 51 ఏళ్ల ఆడవాళ్లది. అంతర్జాతీయ ఒలింపిక్‌ కమిటీ 2014లో ఈ శక్తిలోటును ఆటగాళ్లందరి సమస్యగా గుర్తించి హెచ్చరించింది. పెళ్లికి రెండు నెలల ముందు అన్నం మానేసి జిమ్ములో చేరే అమ్మాయిలకూ అదే హెచ్చరిక చెల్లుతుంది. నెలసరి రాకపోతే ‘హమ్మయ్య, ఈ నెల గొడవ లేదు’ అనుకోకూడదు. తిండి తగ్గితే ఇనుము, జింకు, మెగ్నీషియం, బి-విటమిన్లు అన్నీ కలిసే తగ్గుతాయి. ఏ ఒక్క బిళ్లా వాటన్నిటి బదులు పనిచేయదు. పూర్తి శాకాహారులు పాలూ మానేస్తే బి-12 ఎటూ దొరకదు.

అలాగని ముందుజాగ్రత్తగా డబ్బాల కొద్దీ విటమిన్లు మింగడమూ తెలివైన పని కాదు. నార్వేలో 2014లో యువతీయువకులకు వ్యాయామంతోపాటు పెద్దమోతాదులో విటమిన్‌-సి, విటమిన్‌-ఇ పదకొండు వారాలు ఇచ్చి చూశారు. వేసుకున్నవారి కండరాల్లో, వ్యాయామంతో రావలసిన మార్పులు కొన్ని మందగించాయి. జిమ్ము కౌంటర్‌లో అమ్మే రంగుల సీసాలు కొనేముందు ఇది గుర్తుంచుకోవచ్చు.

ఇనుము విషయంలో సొంతవైద్యం మరీ పనికిరాదు. తలసీమియా లక్షణం ఉన్నవారికి హిమోగ్లోబిన్‌ తక్కువగా ఉన్నా ఒంట్లో ఇనుము సరిపడా ఉండవచ్చు, వారికి బిళ్లలు అనవసరం, కొన్నిసార్లు హాని. నెలసరిలో గంటకోసారి ప్యాడ్‌ మార్చాల్సి వస్తుంటే తిండి, వ్యాయామం సంగతి తర్వాత, ముందు గైనకాలజిస్టును కలవాలి. వ్యాయామం మొదలుపెట్టబోయే ఆడవాళ్లు రక్తపరీక్షకు వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్‌తోపాటు ఫెర్రిటిన్‌ కూడా రాయమని అడగండి. రక్తహీనత నివారణ పథకం కింద బడి ఆడపిల్లలకు వారానికొక నీలం బిళ్ల, పెద్దవాళ్లకు ఎర్ర బిళ్ల ప్రభుత్వమే ఇవ్వాలి. మీ ఇంటి పిల్ల దాన్ని మింగుతోందో, పుస్తకాల సంచిలోనే ఉంచేస్తోందో ఒకసారి చూడండి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగి మీ వంతు కూడా తీసుకోండి.